చేతిలో మూడు కథలుంటే ఏది రాయాలి?

సినిమా కథ రాద్దామని కూర్చునేవాళ్ళలో చాలామందికి కథలు దొరక్క ఇబ్బంది లేదు. రెండు మూడు ఒకేసారి పట్టుకోవడంతోనే వస్తుంది చిక్కంతా. ఒకటి మొదలుపెట్టి ఇరవై పేజీలు రాసేసరికి రెండోది దీనికంటే బాగుందనిపిస్తుంది. దాని వెంట పడితే మొదటిది చల్లారిపోతుంది. పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిపూట రాసుకునే మనిషికి పూర్తి స్క్రిప్టు అంటే ఎంత లేదన్నా ఏడాది పని. ఆ ఏడాది ఏ కథకి పెట్టాలో ముందే తేల్చుకోకపోతే నష్టం చాలా పెద్దది. నేను నాలుగు నెలలు, 38 పేజీలు ఒక తప్పు కథకి ధారపోశాను. అందుకే ఇంత వివరంగా పోల్చి రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇవతల ఒడిశా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజారులో రెండూ. కథని పరీక్షించడానికి ఈ రెండు భాషల బతుకు ఎంత పనికొస్తుందో నాకు ఆలస్యంగా తెలిసింది. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురంలో ఉన్న తెలుగువాళ్ళకి కూడా ఇది అచ్చంగా సరిపోతుంది. సిరొంచ, దెగ్లూరు వైపు వాళ్ళు నేను ఒడియా అన్న ప్రతిచోటా మరాఠీ అని చదువుకోండి.

నా దగ్గరున్న మూడు కథలు

మొదటిది చిన్న రైలు. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారి చొరవతో 1900లో రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద రైలు నడిచింది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ బండి ఆగింది, కొన్నేళ్ళకి అదే దారిలో పెద్ద లైను వచ్చింది. మా వీధిలో నలభై దాటినవాళ్ళెవరిని కదిపినా ఆ బండి గురించి గంట మాట్లాడతారు. ఆఖరి రోజు ఆ రైలెక్కిన ఒక జంట నా కథ.

రెండోది బరంపురం పట్టు మగ్గం. అక్కడి నేత వీధుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రెండేళ్ళకోసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రలో బుఢీ ఠాకురాణిని నేతవాళ్ళ పెద్ద అయిన దేశిబెహరా కూతురిగా భావించి పుట్టింటికి పిలుస్తారు. నా కథలో నేతగాడికి ఒక్కడే కొడుకు. గంజాం జిల్లా నుంచి వేలమంది సూరత్ పవర్‌లూమ్‌లకి వెళ్తున్నట్టే వాడూ వెళ్తానంటాడు.

మూడోది కొఠియా. కోరాపుట్ జిల్లా పొట్టంగి, మన్యం జిల్లా సాలూరు మధ్య కొండల్లో ఉన్న 21 ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ పట్టుబడుతున్నాయి. ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అక్కడ రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉన్న మనుషులున్నారు. నేను ఊహించుకున్నది ఇది: బతికున్నంతకాలం రెండు రాష్ట్రాలూ మావాడే అన్న ఒక ముసలాయన చనిపోతాడు. మరణ ధ్రువపత్రం ఇమ్మంటే రెండు ఆఫీసులూ అవతలి వైపు చూపిస్తాయి.

మూడింట్లో నేను ముందు ఎంచుకున్నది రైలు కథ. ఎందుకంటే అది నాకు ఎక్కువ ఇష్టం. ఇష్టం ఒక్కటే చూసుకుని కథ ఎంచుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇక్కడే. ఇష్టం రాయడానికి కూర్చోబెడుతుంది, నిజమే. కానీ నాకున్న ఇష్టం ఆ రైలు మీద, ఆ కూత మీద, కిటికీలోంచి కనిపించిన జీడితోటల మీద. ఆ జంట మీద కాదని 38 పేజీలు రాశాక గాని అర్థం కాలేదు.

ముందు లైను రాయండి

సినిమావాళ్ళు పాయింట్ అని ఒకటంటారు, లైన్ అని ఒకటంటారు. రెండింటికీ తేడా ఉంది. "రెండు రాష్ట్రాల మధ్య నలిగిన ఊరు" పాయింట్. దాంట్లో ఒక మనిషి, ఆ మనిషికి కావలసింది, దానికి అడ్డం, గడువు, కాకపోతే పోయేది, ఇవన్నీ రెండు వాక్యాల్లో పడితే లైన్. పాయింట్ పేపర్లో దొరుకుతుంది. లైను మనం కష్టపడి తయారు చేసుకోవాలి.

నా మూడింటినీ ఇలా రాసి గోడకి అంటించాను.

చిన్న రైలు ఆఖరి ప్రయాణంలో ఒక జంట పాత రోజులు తలుచుకుంటుంది.

జాతరలోపు అమ్మవారికి చీర నేసివ్వాల్సిన నేతగాడు, సూరత్ రైలెక్కబోతున్న కొడుకుని ఆపాలనుకుంటాడు.

తండ్రి మరణ ధ్రువపత్రం కోసం ఒక కూతురు రెండు రాష్ట్రాల ఆఫీసులూ తిరుగుతుంది.

ఇక్కడ క్రియల్ని చూడాలి. తలుచుకుంటుంది, ఆపాలనుకుంటాడు, తిరుగుతుంది. తలుచుకోవడం కెమెరాకి కనబడదు. మనిషి కిటికీ పక్కన కూర్చుని ఉంటే చాలు, ఆ పని అయిపోతుంది. నవలకైతే దాంతో పుస్తకమంతా నడపొచ్చు, తెర మీద రెండో నిమిషానికి జనం ఫోన్లు తీస్తారు. ఆపాలనుకోవడంలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉన్నారు, గడువూ ఉంది. తిరగడంలో కష్టం ఉంది గాని ఆ అమ్మాయి చేతిలో ఏమీ లేదు. ఎవరో ఇస్తే తీసుకుంటుంది, లేకపోతే వెనక్కొస్తుంది.

ఈ పరీక్షకి ఖర్చు లేదు, ఒక సాయంత్రం చాలు. రైలు కథ ఇక్కడే పడిపోవాల్సింది. కానీ లైను పరీక్షకి ఒక లోపం ఉంది. రాసేదీ మనమే, దిద్దేదీ మనమే. భాష మీద పట్టున్న మనిషి బలహీనమైన కథకి కూడా మెరిసే లైను రాసేయగలడు. అందుకే దీనితో ఆగొద్దు.

రాని భాషలో చెప్పండి

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిన పద్ధతి ఇది, నా అంతట నేను కనిపెట్టిందేమీ కాదు, అవసరం కొద్దీ జరిగింది.

మా ఇంటి పక్కన ఒక ఒడియా కుటుంబం. ఆయన్ని మౌసా అంటాను. పర్లాకిమిడి కొమ్ము పని తెలిసిందే కదా, గేదె కొమ్ముని వేడి చేసి సాగదీసి, కోసి, అరగదీసి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. మౌసా సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆకురాయితో కొంగ కాళ్ళు సన్నం చేస్తుంటాడు. తెలుగు అర్థమవుతుంది గాని కథ వినేంత రాదు. నా ఒడియా ఆఫీసు కాగితాలకి సరిపోతుంది, అంతకుమించి లేదు. ఒక ఆదివారం ఆయనకి మూడు కథలూ ఒడియాలో చెప్పాను.

రైలు కథ తెలుగులో చెప్పినప్పుడు మా మేనత్త కళ్ళు తుడుచుకుంది. బొగ్గు వాసన, గట్టు ఎక్కలేక ఆయాసపడే ఇంజను, టీ గ్లాసుల చప్పుడు, ఈ మాటలన్నీ నాకు తెలుగులో ఉన్నాయి. ఒడియాలో లేవు. "రైలు ఆగిపోయింది, ఇద్దరూ బాధపడ్డారు" అన్నంతవరకే చెప్పగలిగాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. మౌసా చేతిలో ఆకురాయి గరగరమని ఒక్క లయలో నడుస్తూనే ఉంది. "సే రేళ భల థిలా" అన్నాడు. ఆ రైలు బాగుండేది అని. కథ గురించి ఒక్క మాట లేదు. మేనత్త ఏడ్చింది నా కథకి కాదు, తన రైలుకి.

నేత కథ చెప్పాను. కొడుకు ఊరు వదిలే ముందు రాత్రి, తండ్రి మగ్గం మీద సగంలో ఉన్న చీరని తెల్లవార్లూ కూర్చుని పూర్తి చేస్తాడు. అక్కడ ఆకురాయి ఆగింది. "వెళ్ళాడా మరి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వెళ్తే ఒక కథ, ఉండిపోతే ఇంకో కథ, నేనింకా తేల్చుకోలేదు. ఆకురాయి మళ్ళీ మొదలైంది.

కొఠియా కథ చెబుతుంటే మధ్యలోనే ఆకురాయి కింద పెట్టేశాడు. "కేఉఁఠి మలా?" అన్నాడు. ఎక్కడ చచ్చిపోయాడు?

ఇంట్లోనే అని నేననుకున్నాను. పెద్దగా ఆలోచించలేదు. మౌసా ఊరుకోలేదు. జబ్బు మనిషిని ఇంట్లో వదిలేస్తారా, ఆస్పత్రికి మోసుకెళ్ళరా, ఏ వైపు మోసుకెళ్ళారు, దారిలో పోయాడా, పోయినప్పుడు పక్కన ఎవరున్నారు? వరసగా అడిగాడు. అప్పుడు తట్టింది. తండ్రిని డోలీలో మోసుకుంటూ రోడ్డు దాకా వచ్చారు, అక్కణ్ణుంచి జీపు. ప్రాణం ఏ గట్టు మీద పోయిందో కూతురికి ఒక్కదానికే తెలుసు. ఆఫీసులు ఇస్తాయా ఇవ్వవా అన్నది కాదిక అసలు సంగతి. తండ్రి ఏ రాష్ట్రంలో చనిపోయాడో ఆమె చెప్పాలి. ఆమె ఏది చెబితే అది.

తర్వాత చట్టం చదివితే కథకి ఇంకా బలం దొరికింది. జనన మరణాల నమోదు చట్టం 1969లోది. మరణాన్ని అది జరిగిన చోటి రిజిస్ట్రారు దగ్గర 21 రోజుల్లో చెప్పాలి, దాటితే ఆలస్య రుసుములు, పై అధికారుల అనుమతులు. నడుస్తున్న బండిలో ప్రాణం పోతే ఆ బండి మొదట ఎక్కడ ఆగిందో అక్కడ నమోదు చేయించాలి. ఈ చిన్న నిబంధన నాకు ఇంటర్వెల్ సీను ఇచ్చింది. జీపు ఎక్కడ ఆగింది? డ్రైవరు ఒక మాట చెబుతాడు, కూతురు ఇంకోటి చెబుతుంది.

లైను మారింది: తండ్రి ప్రాణం ఏ రాష్ట్రంలో పోయిందో తెలిసిన ఒకే ఒక్క మనిషి కూతురు, 21 రోజుల్లో ఆమె నిజం చెబితే తమ్ముడి చదువుకి వచ్చే సాయం పోతుంది, అబద్ధం చెబితే ఊరు నిలబడ్డ పక్షానికి ఎదురెళ్ళినట్టవుతుంది.

వచ్చీరాని భాషలో చెప్పినప్పుడు మన వాక్యాల అందం మనకి సాయం రాదు. వర్ణన రాలిపోతుంది. ఎవరు, ఏం చేశారు, తర్వాత ఏమైంది, ఇంతే మిగులుతుంది. అది నిలబడితే కథ నిలబడినట్టే. తెర మీదకి వెళ్ళేది కూడా దాదాపు అంతే, వర్ణన పని కెమెరా చూసుకుంటుంది. మన జిల్లాల్లో ప్రతి రచయిత ఇంటి పక్కా ఇలాంటి శ్రోత ఒకరుంటారు, ఉచితంగా. హైదరాబాద్‌లో రాసుకునేవాళ్ళకి ఈ అదృష్టం అంత సులువుగా దొరకదు.

చెప్పేటప్పుడు మూడు జాగ్రత్తలు. పది నిమిషాలు దాటొద్దు. "బాగుందా?" అని అడగొద్దు, ఎవరైనా బాగుందనే అంటారు, మన ముఖం చూసి. చేతుల్ని గమనించండి, ఊరికే కూర్చున్న మనిషికంటే ఏదో పని చేసుకుంటున్న మనిషి మంచి శ్రోత, ఎందుకంటే ఆ పని ఎప్పుడు ఆగిందో కనబడుతుంది. కూర తరుగుతున్నవాళ్ళు, వలకి ముడులేస్తున్నవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, ఎవరైనా సరే.

ఇంకొక మెట్టు ఉంది, అది మరింత నమ్మదగ్గది. మూడు నాలుగు రోజుల తర్వాత మీ కథ విన్న మనిషి దాన్ని ఇంకెవరికైనా చెప్పారేమో కనుక్కోండి. చెప్పి ఉంటే, ఆ రెండో మనిషి నోట మీ కథ మీరు వినండి. మౌసా ఇంట్లో చెప్పాడు. ఆయన భార్య, నేను మావుసి అంటాను, నాకు తిరిగి చెప్పింది. ఆమె చెప్పిన కథలో రెండు రేషన్ కార్డులు లేవు. నేను మోజుపడి పెట్టుకున్న గుమస్తా పాత్ర లేదు. డోలీ ఉంది, జీపు ఉంది, కూతురు ఉంది. గుమస్తాని నేనూ తీసేశాను.

పేజీ మీద పెట్టడం, కార్డులు, చదివించడం

నోటి మాటతో కథ గట్టిదని తేలాక కాగితం అవసరం. ఒక పేజీ సంగ్రహం రాసి, మీకు పెద్దగా పరిచయం లేని ఇద్దరికి ఇవ్వండి. నోటితో చెప్పేటప్పుడు మన కళ్ళు, గొంతు కథకి ఊతమిస్తాయి. కాగితానికి ఆ సాయం లేదు. చెబితే బాగుండి, చదివితే చప్పగా ఉన్న కథలో సాధారణంగా కారణాలు లోపించి ఉంటాయి. ఇది జరిగింది గనక అది జరిగింది అని గొలుసు ఉండాల్సిన చోట, ఇది జరిగింది తర్వాత అది జరిగింది అని మాత్రమే ఉంటుంది. పేజీలో "తర్వాత", "ఇంతలో", "ఒకరోజు" అనే మాటల కింద గీతలు గీయండి. అరడజను దాటితే గొలుసు తెగినట్టే.

సీన్ కార్డులు నిడివి తేల్చుకోవడానికి మంచివి, ఏ కథ ఎంచుకోవాలో తేల్చుకోవడానికి కాదు. రెండు గంటల సినిమాకి యాభై అరవై సీన్లు పడతాయని లెక్కేసుకుని, ఒక్కో కార్డు మీద ఒక్కో సీను రాసి నేల మీద పరిస్తే మధ్యలో ఎక్కడ ఖాళీ ఉందో కనబడుతుంది. నా నేత కథకి 22 కార్డులే వచ్చాయి. ఇంకో సంగతి, పేజీకి ఒక నిమిషం అని అందరూ చెప్పే లెక్క ఇంగ్లీషు టైపు స్క్రిప్టుకి పుట్టింది. తెలుగు లిపిలో, అందునా చేత్తో రాసిన పేజీకి అది సరిపోదు. గడియారం పెట్టుకుని గట్టిగా చదివి చూసుకోవడమే దారి.

చదివించడం డైలాగులు రాశాక పెట్టుకోవాల్సిన పరీక్ష. నలుగుర్ని కూర్చోబెట్టి తలా ఒక పాత్ర ఇవ్వండి. మాట ఎక్కడ నోరు తిరగదో అక్కడ రాత తప్పు. కొఠియా కథలో కూతురి పాత్రకి నమూనాగా రాసిన ఒక్క సీనులో నేను మొదట పుస్తకాల తెలుగు రాశాను. చదివిన అమ్మాయి రెండో లైను దగ్గరే ఆగి, "మావెవులమూ ఇలగ మాటాడం గదా, ఏటిది?" అంది. నిజమే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే, సవరల దగ్గర కూర్చుని వాళ్ళ మాట నేర్చుకున్నదీ ఇక్కడి నుంచే. ఆ ఊళ్ళో కూర్చుని పాత్రల నోట్లో ఎవరూ మాట్లాడని మాట పెట్టినందుకు నిజంగా సిగ్గుపడ్డాను.

ఫోన్‌తో ఒక సీను తీసి చూడటం గురించి చాలామంది అడుగుతారు. రెండు మూడు నిమిషాల సీను, ఇద్దరు మనుషులు, ఒక చోటు. కుర్రవాళ్ళకి, స్నేహితుల బలగం ఉన్నవాళ్ళకి ఇది మంచిదే. అయితే ఇది కథని పరీక్షించదు, ఆ సీనుని పరీక్షిస్తుంది. నటన బాగా లేక సీను పాడైతే కథ బాగాలేదనుకునే ప్రమాదం ఉంది. ఒక రాత్రిలో, ఒక చోట జరిగిపోయే కథైతే ఇదే సరైన పరీక్ష. మా మిత్రుడొకడు తిత్లీ తుఫాను రాత్రి మీద ఒక చిన్న సినిమా అనుకున్నాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుఫాను అది. ఒక కరెంటు లైన్‌మన్, ఒక ఇల్లు, కొవ్వొత్తి వెలుగు. వంటింట్లో ఒక్క సీను తీసి చూసుకుని, రెండు గంటల సినిమాకి సరిపోదని, పదిహేను నిమిషాలకి అచ్చంగా సరిపోతుందని తేల్చుకున్నాడు. ఆ తుఫానుకి మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మాట్లాడకుండా ఆ భాగం ముట్టుకోనన్నాడు. నాకు ఆ నిర్ణయం మీద చాలా గౌరవం. కొఠియా విషయంలో నేను కూడా అదే నియమం పెట్టుకున్నాను. అక్కడి గిరిజన కుటుంబాలతో కూర్చుని మాట్లాడకుండా పూర్తి డైలాగ్ వెర్షన్ మొదలుపెట్టను.

డబ్బిచ్చి అభిప్రాయం కొనుక్కోవడం

దీన్ని మొదటి దశలో వద్దంటాను. రైలు కథ మీద నమ్మకం సడలుతున్నప్పుడు ఒక ఆన్‌లైన్ సంస్థకి ఆరు వేలు కట్టి స్క్రిప్టు పంపాను. మూడు వారాలకి రెండు పేజీల రిపోర్టు వచ్చింది. "హీరో లక్ష్యం ఇంకా బలంగా ఉండాలి, ఇంటర్వెల్ ముందు కాన్‌ఫ్లిక్ట్ పెంచాలి." రైలు అన్న మాట ఆ రెండు పేజీల్లో ఒక్కసారి కూడా లేదు. పేర్లు మారిస్తే ఏ కథకైనా పంపొచ్చు. ఆరు వేలు మాకు చిన్న మొత్తం కాదు. మౌసా అడిగిన ఒక్క ప్రశ్న పాటి చెయ్యలేదది.

నిజంగా చదివే మనుషులుంటారు, కాదనను. అలాంటివాళ్ళ దగ్గరికి పూర్తి స్క్రిప్టుతో, "ఇంటర్వెల్ తర్వాత నాలుగో సీను నుంచి ఊపు తగ్గుతోంది, ఎందుకో చెప్పండి" అన్నంత స్పష్టమైన ప్రశ్నతో వెళ్ళండి. కథ ఎంచుకోవడానికి మాత్రం వెళ్ళొద్దు.

కథ ఎత్తుకుపోతారన్న భయం

ఊళ్ళో పదిమందికి చెబితే ఎవరైనా కొట్టేయరా అని అడుగుతారు. ఈ టెన్షన్‌తోనే చాలామంది కథని మూటగట్టుకుని కూర్చుంటారు, అది లోపలే ముక్కిపోతుంది. చట్టం సంగతి తెలుసుకుంటే మంచిది. ఆలోచనకి, పాయింట్‌కి కాపీరైట్ ఉండదు, దాన్ని మీరు రాసిన రూపానికే ఉంటుంది. నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1978లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి నోటితో చెప్పిన పాయింట్‌ని ఎవరైనా వాడుకుంటే కోర్టులో నిలబెట్టడం కష్టం. విడివిడి సీన్లతో వివరంగా రాసుకున్న ట్రీట్‌మెంట్ ఉంటే మీ పక్షం బలపడుతుంది.

పక్కింటి మౌసాకి, అత్తకి చెప్పడానికి భయపడనక్కర్లేదు. సినిమా మనుషులకి నరేషన్ ఇవ్వబోయే ముందు మాత్రం రాసి, తేదీతో భద్రం చేసుకోండి. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, ముంబయిలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ ఉంది. కేంద్ర కాపీరైట్ కార్యాలయంలో సాహిత్య రచనగా నమోదుకి రుసుము 500 రూపాయలు, ఇంటి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎవరికి ఏది

ఆదివారాలు తప్ప తీరిక లేనివాళ్ళు లైను పరీక్ష, నోటి పరీక్ష, ఈ రెండే పెట్టుకోండి. నెల రోజుల్లో మూడు కథల్లో ఒకటి తేలుతుంది. కాలేజీలో ఉండి, నలుగురు స్నేహితులు, ఒక మంచి ఫోను ఉన్నవాళ్ళకి నేరుగా సీను తీయాలని చేతులు దురద పెడతాయి. తీయండి, కానీ ముందు రోజు రాత్రి ఆ కథ ఇంట్లో ఎవరికైనా చెప్పండి. మాటకారులు, అంటే పది మందిని కూర్చోబెట్టి నవ్వించగలిగినవాళ్ళు, నోటి పరీక్షని తెలుగులో నమ్మొద్దు. మీ నేర్పు కథ లోపాల్ని కప్పేస్తుంది. రాని భాషలో చెప్పండి, లేదా ఒక పేజీ రాసి ఇచ్చి పక్కకి వెళ్ళిపోండి. నలుగురిలో నోరు పెగలనివాళ్ళకి ఇది తిరగబడుతుంది. వాళ్ళు పేజీతో మొదలుపెట్టి, తర్వాత ఒక్కరికే చెప్పాలి. హైదరాబాద్‌లో ఎవరిదో అపాయింట్‌మెంట్ దొరికి, పది రోజులే గడువున్నవాళ్ళు కొత్త కథ జోలికి పోకుండా, ఇప్పటికే ఇతరుల నోట తిరిగి విన్న కథనే తీసుకెళ్ళండి. శ్రోత ఎక్కడ అడ్డుపడి ఏం అడుగుతాడో దాంట్లో మీకు ముందే తెలిసి ఉంటుంది.

రెండు కథలు సమానంగా నిలిస్తే, మీ ఊరు తీసేసి ఇంకో ఊరు పెట్టి చూడండి. నా నేత కథని కొంచెం మార్చి ఏ నేత ఊరికైనా తీసుకెళ్ళొచ్చు, జాతర ఒక్కటే బరంపురాన్ని పట్టుకుని ఉంది. కొఠియా కథ ఆ కొండలు దాటి బతకదు. మన ప్రాంతాన్ని తెలుగు తెర పెద్దగా చూడలేదు, కాబట్టి ఇక్కడ తప్ప ఇంకెక్కడా పుట్టని కథకే నా ఓటు. ఇది నా మొగ్గు, అందరూ ఒప్పుకోనక్కర్లేదు.

ఎంతమందికి చెప్పాక ఆపాలి? నేను ఏడుగురి దగ్గర ఆపాను. ఐదో మనిషి నుంచి అవే ప్రశ్నలు తిరిగి రావడం మొదలైంది. అంతకు మించి చెబుతూ పోతే రాయాల్సిన ఆవేశం చెప్పడంలోనే తీరిపోతుంది, నాకు ఒకసారి అలా జరిగింది. ఒకేచోట ముగ్గురు అడ్డుపడితే ఆ చోటు మార్చాలి. ఒక్కరే అడ్డుపడితే రాసుకుని పక్కన పెట్టండి.

రైలు కథ పేజీలు అట్టపెట్టెలో ఉన్నాయి, అందులోంచి టీ గ్లాసుల సీను ఒకటి జీపు ప్రయాణంలోకి వచ్చింది. నేత కథకి వచ్చే జాతరదాకా గడువిచ్చాను, ఈలోపు కొడుకు వెళ్ళాడో లేదో తేల్చాలి. కొఠియా కథ సీన్ ఆర్డర్ 41వ సీను దగ్గరుంది. మావుసి మొన్న నీళ్ళ దగ్గర కనబడి, "ఆ పిల్ల చివరికి ఏం చెప్పింది?" అని అడిగింది. ఇంకా రాయలేదన్నాను. "నిజమే చెప్పించు" అంది. గుమ్మంలో ఉన్న మౌసా తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ అక్కడే నిలబడి కాసేపు వాదించుకున్నారు, నేను జేబులోంచి కార్డు తీసి ఇద్దరి మాటలూ రాసుకున్నాను.